కెమెరా సెన్సార్ క్లీనింగ్: పాడు చేసుకోకుండా ఇంట్లో ఎంతవరకు చెయ్యొచ్చు?

ఫోన్ కెమెరా వదిలి డీఎస్‌ఎల్‌ఆర్‌కో మిర్రర్‌లెస్‌కో మారినవాళ్లకి కొన్ని నెలలు గడిచాక ఒక సమస్య ఎదురవుతుంది. ఆకాశం ఉన్న ఫొటోలో ఒక మూల బూడిద రంగులో చిన్న మచ్చ కనిపిస్తుంది. తర్వాతి ఫొటోలోనూ అదే చోట ఉంటుంది. లెన్స్ తుడిచినా పోదు, లెన్స్ మార్చినా పోదు. అప్పుడు తెలుస్తుంది, దుమ్ము పడింది సెన్సార్ మీద అని.

ఇక్కడిదాకా పెద్ద సమస్యేమీ లేదు. దుమ్ము వల్ల ఏ సెన్సారూ చెడిపోదు. ఆ దుమ్ముని తియ్యబోయి చేసే పనుల వల్లే చెడిపోతుంది. అందుకే ఈ ఆర్టికల్‌లో క్లీనింగ్‌ని మెట్లుగా విడగొట్టి చెబుతున్నాను. తక్కువ ప్రమాదం ఉన్న మెట్టుతో మొదలుపెట్టాలి, మచ్చ పోయిన మెట్టు దగ్గరే ఆగిపోవాలి. మొత్తం పద్ధతి ఇంతే. మిగతాదంతా ఒక్కో మెట్టులో ఏం జాగ్రత్త పడాలన్నదే.

ఫోన్‌లో రాని మచ్చ ఇక్కడ ఎందుకు వస్తుంది?

ఫోన్‌లో లెన్సూ సెన్సారూ ఒకే మూసిన మాడ్యూల్‌లో ఉంటాయి. మనం తుడిచేది బయటి గాజుని మాత్రమే. లెన్స్ మార్చే కెమెరాలో అలా కాదు. లెన్స్ తీసిన ప్రతిసారీ లోపలి గది తెరుచుకుంటుంది. గాలిలోని ధూళి, బట్టల నూలు, బ్యాగ్‌లోని పొడి అన్నీ లోపలికి వెళ్లొచ్చు. మన ఫంక్షన్లలో అయితే అక్షింతలకి పట్టిన పసుపు, సాంబ్రాణి పొగ, నిమజ్జనం ఊరేగింపులో చల్లే రంగులు కూడా లెక్కలోకి వస్తాయి.

డీఎస్‌ఎల్‌ఆర్‌లో సెన్సార్ ముందు అద్దం, షట్టర్ అడ్డుగా ఉంటాయి. చాలా మిర్రర్‌లెస్ కెమెరాల్లో లెన్స్ తియ్యగానే సెన్సార్ ఎదురుగా కనిపిస్తుంది. కెనాన్ ఈఓఎస్ ఆర్ లాంటి కొన్ని మోడల్స్ పవర్ ఆఫ్ చెయ్యగానే షట్టర్ మూసుకుంటాయి. మీ కెమెరా ఏ రకమో ఒకసారి చూసి పెట్టుకోండి, క్లీనింగ్ అప్పుడు ఈ సంగతి అవసరమవుతుంది.

బయటి నుంచి వచ్చే దుమ్ము ఒక్కటే కాదు, లోపల కదిలే భాగాల నుంచి కూడా మచ్చలు పడొచ్చు. నికాన్ డీ600 ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. 2012లో వచ్చిన ఆ కెమెరా ఫొటోల్లో చుక్కలు పడుతున్నాయని చాలామంది చెప్పారు. చివరికి 2014 ఫిబ్రవరిలో, వారంటీ అయిపోయినవాటికి కూడా తనిఖీ చేసి, శుభ్రం చేసి, షట్టర్ యూనిట్ ఉచితంగా మారుస్తామని నికాన్ ప్రకటించింది. అంటే మచ్చ పడిన ప్రతిసారీ తప్పు వాడేవాళ్లది కాదు. తుడిచిన కొన్నాళ్లకే అవే చుక్కలు తిరిగి వస్తుంటే అది మీరు తుడిచి పరిష్కరించే సమస్య కాకపోవచ్చు.

మన చెయ్యి తగిలేది దేనికి?

"సెన్సార్ క్లీనింగ్" అంటాం కానీ మనం ముట్టుకునేది సెన్సార్ చిప్‌ని కాదు. దాని ముందు సన్నని గాజు పొరలు ఉంటాయి. ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఆపే ఫిల్టర్ ఉంటుంది, చాలా కెమెరాల్లో లో-పాస్ ఫిల్టర్ కూడా ఉంటుంది. నికాన్ డీ7100 లాంటి కొన్నింటిలో లో-పాస్ ఫిల్టర్ లేదు కానీ పై గాజు మాత్రం ఉంటుంది. దుమ్ము కూర్చునేది ఆ గాజు మీదే.

గాజే కదా అని ధైర్యం చెయ్యకండి. దాని మీద పల్చని కోటింగ్ ఉంటుంది. దుమ్ములో ఇసుక రేణువు ఒక్కటున్నా, దాన్ని గుడ్డ కింద పెట్టి లాగితే గీత పడుతుంది. కిందటి పెళ్లిళ్ల సీజన్‌లో నాకు తెలిసిన ఒక కుర్రాడు కళ్లజోడు తుడుచుకునే గుడ్డని వేలికి చుట్టి సెన్సార్ తుడిచేశాడు. మచ్చ పోయింది, దాని బదులు సన్నని గీత వచ్చింది. నేను చూసేసరికి చెయ్యగలిగింది ఏమీ లేదు. ఆ గాజు మార్చాలంటే కెమెరా మొత్తం విప్పాలి. మనం గీసిన గీతకి వారంటీ సాధారణంగా వర్తించదు. ఆ కెమెరా మీద ఇంకా ఈఎంఐలు కడుతూనే ఉన్నాడు.

అతను వాడిన గుడ్డ శుభ్రంగానే ఉంది. కానీ ముందు గాలి కొట్టి రేణువుల్ని పంపెయ్యకుండా నేరుగా తుడవడం మొదలుపెట్టాడు. కింద చెప్పే మెట్ల వరస ఎందుకు మార్చకూడదో దీన్ని బట్టే తెలుస్తుంది.

మొదట టెస్ట్: అది నిజంగా సెన్సార్ మీద దుమ్మేనా?

రివ్యూకి ఏ కెమెరా తీసుకున్నా, సెకండ్ హ్యాండ్ బాడీ చూడమని ఎవరైనా అడిగినా నేను మొదట చేసేది ఈ టెస్టే. రెండు నిమిషాలు చాలు.

1. అపర్చర్ ప్రయారిటీ మోడ్ పెట్టండి. ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్/22. లెన్స్‌లో అంతవరకు లేకపోతే ఎఫ్/16 అయినా సరే.
2. తెల్ల గోడ దగ్గరగా నిలబడండి. తెల్లటి పేజీ తెరిచిన ల్యాప్‌టాప్ స్క్రీన్ అయినా పర్లేదు.
3. మాన్యువల్ ఫోకస్ పెట్టి దూరానికి తిప్పేయండి. గోడ పూర్తిగా మసకగా కనిపించాలి.
4. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ 1 పెట్టండి. అలా చెయ్యకపోతే తెల్ల గోడ బూడిద రంగులో వస్తుంది.
5. ఫొటో తీస్తున్నంతసేపూ కెమెరాని కొంచెం అటూ ఇటూ కదపండి.

కదపమంటున్నానేంటి అనుకోకండి. షట్టర్ నెమ్మదిగా ఉన్నప్పుడు కదిపితే గోడ మీది మరకలు చెరిగిపోతాయి. సెన్సార్ మీది దుమ్ము సెన్సార్‌తో పాటే కదులుతుంది కాబట్టి అదొక్కటే స్పష్టంగా మిగులుతుంది.

ఇప్పుడు ఫొటోని కంప్యూటర్‌లో 100 శాతం జూమ్‌లో చూడండి. మెత్తటి అంచులతో గుండ్రని బూడిద చుక్కలు ఉంటే దుమ్ము. వంకర దారంలా ఉంటే నూలు పోగు. ఇవి కాకుండా వేరేవి కనిపిస్తే తొందరపడకండి:

- వ్యూఫైండర్‌లో కనిపించి ఫొటోలో లేని మచ్చ సెన్సార్ మీద లేదు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో అది అద్దం మీదో, పైన ఉండే ఫోకసింగ్ స్క్రీన్ మీదో ఉంటుంది. ఫొటోకి దాని వల్ల నష్టం లేదు. ఆ రెండూ సెన్సార్ గాజు కంటే తేలిగ్గా గీతలు పడే భాగాలు, వాటిని ముట్టుకోవద్దు.
- చీకట్లో తీసిన ఫొటోలో ఎరుపో నీలమో తెలుపో మెరిసే చుక్క హాట్ పిక్సెల్. ఎంత తుడిచినా అది పోదు.
- డీజే లైట్ల ఫంక్షన్ తర్వాత నిలువుగానో అడ్డంగానో రంగు గీత మొదలైతే లేజర్ కిరణం నేరుగా సెన్సార్ మీద పడి ఉండొచ్చు. అదీ దుమ్ము కాదు, సర్వీస్ సెంటర్ పని.

ఎఫ్/2.8లో మాయమై ఎఫ్/22లో ఎందుకు కనిపిస్తుంది?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. "నిన్న పోర్ట్రెయిట్స్‌లో లేదు, ఇవాళ ల్యాండ్‌స్కేప్‌లో వచ్చింది" అంటారు. దుమ్ము రెండు రోజులూ అక్కడే ఉంది.

దుమ్ము పిక్సెల్స్‌కి అంటుకుని ఉండదు, కొంచెం ముందున్న గాజు మీద ఉంటుంది. లెక్క కోసం ఆ దూరం 1 మిల్లీమీటర్ అనుకుందాం. ఒక పిక్సెల్‌కి వచ్చే కాంతి శంకువు ఆకారంలో వస్తుంది. గాజు దగ్గర ఆ శంకువు వెడల్పు సుమారుగా దూరాన్ని ఎఫ్ నంబర్‌తో భాగిస్తే వస్తుంది. ఎఫ్/2.8 దగ్గర 0.36 మిల్లీమీటర్లు, ఎఫ్/22 దగ్గర 0.045 మిల్లీమీటర్లు.

ఇప్పుడు 0.04 మిల్లీమీటర్ల రేణువు ఒకటి దారిలో ఉందనుకోండి. ఎఫ్/2.8లో అది ఆపేది వెడల్పైన శంకువులో ఒక్క శాతం కాస్త పైన కాంతిని. కంటికి తెలియదు. ఎఫ్/22లో అదే రేణువు దాదాపు 80 శాతం కాంతిని ఆపేస్తుంది. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్ సుమారు 0.004 మిల్లీమీటర్లు. అంటే ఆ చిన్న రేణువే పది పిక్సెల్స్ వెడల్పు ఉంటుంది. అందుకే మచ్చ అంత నల్లగా వస్తుంది.

ఈ లెక్క ఎందుకు చెప్పానంటే, అసలు క్లీనింగ్ అవసరమా అన్నది ఇక్కడే తేలుతుంది. మీరు ఎప్పుడూ ఎఫ్/1.8, ఎఫ్/2.8లోనే తీస్తారు, ఎఫ్/22 టెస్ట్‌లో మాత్రం రెండు చుక్కలు కనిపించాయి అనుకోండి. వదిలేయండి. మీరు వాడే అపర్చర్‌లో ఒక టెస్ట్ ఫొటో తియ్యండి. అందులో లేకపోతే మీకు సమస్య లేనట్టే. ఎఫ్/22లో ఒక్క చుక్క కూడా లేని సెన్సార్ దొరకడం కష్టం, దాని కోసం రిస్క్ తీసుకోవడం అనవసరం.

ఇప్పటికే తీసేసిన ఫొటోల్లో మచ్చలుంటే సాఫ్ట్‌వేర్‌తో పోతాయి. లైట్‌రూమ్ హీలింగ్ టూల్‌లో "విజువలైజ్ స్పాట్స్" ఆన్ చేస్తే మచ్చలన్నీ ఎత్తి చూపిస్తుంది. కెనాన్‌లో డస్ట్ డిలీట్ డేటా, నికాన్‌లో డస్ట్ ఆఫ్ రిఫరెన్స్ ఫొటో అనే సదుపాయాలు కూడా ఇందుకే ఉన్నాయి.

మెట్టు 1: కెమెరానే దులుపుకోనివ్వండి

2003లో వచ్చిన ఒలింపస్ ఈ-1 నుంచి ఈ పద్ధతి ఉంది. సెన్సార్ ముందున్న గాజుని అతి వేగంగా కంపింపజేసి దుమ్ము రాల్చడం. కెనాన్‌లో 2006 నాటి ఈఓఎస్ 400డీతో మొదలైంది. ఇప్పుడు ఎక్కువ శాతం కెమెరాల్లో మెనూలో "సెన్సార్ క్లీనింగ్" అనో "క్లీన్ ఇమేజ్ సెన్సార్" అనో ఉంటుంది.

కెమెరాని టేబుల్ మీద మామూలుగా నిలబెట్టి మూడు నాలుగుసార్లు రన్ చెయ్యండి. మళ్లీ టెస్ట్ ఫొటో తియ్యండి. పొడి దుమ్ము చాలావరకు ఇక్కడే పోతుంది. పోతే ఆగిపోండి, పని అయిపోయింది.

మెట్టు 2: బ్లోయర్

రబ్బరు బల్బ్ ఉన్న చేతి బ్లోయర్ కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. కొన్ని చవక బ్లోయర్ల ముందు చిన్న బ్రష్ ఉంటుంది. అది లెన్స్ బయటి భాగానికి. సెన్సార్ దగ్గరికి వెళ్లేముందు ఆ బ్రష్ ఊడదీసేయండి.

మొదలుపెట్టేముందు ఫ్యాన్, ఏసీ ఆపండి. గది ఊడ్చిన వెంటనే కాకుండా, తడిగుడ్డ పెట్టి తుడిచి కాసేపు ఆగాక చెయ్యండి. బ్యాటరీ ఫుల్‌గా ఉండాలి. ఈ మాట చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దాన్ని పైకి లేపి పట్టుకునేది బ్యాటరీనే. మధ్యలో చార్జ్ అయిపోతే అద్దం, షట్టర్ ఒక్కసారిగా పడిపోతాయి. లోపల స్వాబ్ ఉందంటే షట్టర్ రేకులు వంగిపోతాయి.

కెమెరాని బట్టి లోపలికి దారి ఇలా:

- కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్: మెనూలో సెన్సార్ క్లీనింగ్, అందులో "క్లీన్ మాన్యువల్లీ".
- నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్: సెటప్ మెనూలో "లాక్ మిర్రర్ అప్ ఫర్ క్లీనింగ్". తర్వాత షట్టర్ బటన్ పూర్తిగా నొక్కితే అద్దం లేచి ఆగుతుంది. చార్జ్ తక్కువ ఉంటే ఈ ఆప్షన్ పనిచెయ్యదు.
- సోనీ మిర్రర్‌లెస్: "క్లీనింగ్ మోడ్" రన్ చేసి, అది చెప్పినప్పుడు పవర్ ఆఫ్ చెయ్యాలి. కొత్త మోడల్స్‌లో పవర్ ఆఫ్‌లో షట్టర్ మూసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ముందే ఆపెయ్యండి.

బల్బ్ మోడ్‌లో పెట్టి, బటన్ నొక్కి పట్టుకుని క్లీన్ చేసే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. వద్దు. వేలు జారితే షట్టర్ మూసుకుంటుంది.

ఇక అసలు పని. బ్లోయర్‌ని ముందు బయట గాల్లో నాలుగైదుసార్లు గట్టిగా నొక్కండి, దానిలో ఉన్న దుమ్ము పోతుంది. కెమెరాని తలకిందులుగా, మౌంట్ నేలవైపు ఉండేలా పట్టుకోండి. కింద నుంచి పైకి ఎనిమిది పదిసార్లు గాలి కొట్టండి. రాలిన దుమ్ము కిందికే పడుతుంది. బ్లోయర్ ముక్కు మౌంట్ రింగ్ దాటి లోపలికి వెళ్లకూడదు. నొక్కేటప్పుడు చెయ్యి కదులుతుంది, ఆ కుదుపుకి ముక్కు గాజుకి తగిలే అవకాశం ఉంది.

పవర్ ఆఫ్ చేసి, లెన్స్ పెట్టి, మళ్లీ టెస్ట్. మచ్చలు తగ్గి ఇంకా కొన్ని ఉంటే ఇదే మెట్టు ఇంకోసారి. నా దగ్గరికి వచ్చిన కెమెరాల్లో ఎక్కువ భాగం ఈ మెట్టు దాటలేదు.

మెట్టు 3: జెల్ స్టిక్

చిన్న పుల్ల చివర కొంచెం జిగురుగా ఉండే మెత్తని ముద్ద ఉంటుంది. దాన్ని గాజు మీద ముద్ర వేసినట్టు ఆనించి నేరుగా పైకి తీస్తే రేణువు దానికి అంటుకుని వస్తుంది. తర్వాత కిట్‌లో ఇచ్చిన జిగురు కాగితం మీద అద్ది దాన్ని శుభ్రం చెయ్యాలి. రుద్దడం, జరపడం ఉండవు కాబట్టి గీత పడే అవకాశం తక్కువ.

కానీ రెండు జాగ్రత్తలు. ఒకటి, సోనీ మిర్రర్‌లెస్ వాడేవాళ్లు ఆ స్టిక్ తమ కెమెరాకి పనికొస్తుందో లేదో ప్యాకెట్ మీద చూసి మరీ కొనాలి. కొందరు తయారీదారులు వాటి కోసం తక్కువ జిగురున్నది వేరుగా అమ్ముతారు. రెండు, నూనె మరక ఉన్న చోట స్టిక్ ఆనిస్తే ఆ నూనె స్టిక్‌కి పట్టి మిగతా చోట్లకి అంటుతుంది. జెల్ స్టిక్ పొడి రేణువులకి మాత్రమే.

మచ్చ సెన్సార్ మీద ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? లెన్స్ దృశ్యాన్ని తలకిందులు చేస్తుంది. కెమెరాని నిటారుగా పెట్టి ముందు నుంచి చూస్తే, ఫొటోలో పైన ఎడమ మూల ఉన్న మచ్చ సెన్సార్ మీద కింద ఎడమ మూల ఉంటుంది. పైన కింద మారతాయి, కుడి ఎడమలు మారవు.

మెట్టు 4: తడి స్వాబ్

బ్లోయర్‌కి, స్టిక్‌కి లొంగనిది అంటుకుపోయిన పుప్పొడో, నీటి చుక్క ఎండిన మరకో, నూనెో అయి ఉంటుంది. దీనికి స్వాబ్, సెన్సార్ లిక్విడ్ కావాలి. ఇక్కడి నుంచి రిస్క్ మొదలవుతుంది. చెయ్యి వణుకుతుందనిపిస్తే, కెమెరా ఇంకా వారంటీలో ఉంటే, ఈ మెట్టు ఎక్కకండి. సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేయండి.

చెయ్యాలనుకుంటే మొదట సైజ్. స్వాబ్ వెడల్పు సెన్సార్ ఎత్తుకి సరిపోవాలి, అప్పుడే ఒక్క లాగుతో మొత్తం తుడుస్తుంది. నికాన్, సోనీ ఏపీఎస్-సీ సెన్సార్ సుమారు 23.5 × 15.6 మిల్లీమీటర్లు, కెనాన్‌ది సుమారు 22.3 × 14.9. వీటికి 16 మిల్లీమీటర్ల స్వాబ్. ఫుల్ ఫ్రేమ్ 36 × 24 కాబట్టి 24 మిల్లీమీటర్లది. మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3 × 13, దానికి 12 మిల్లీమీటర్లది. పెద్ద సైజ్ స్వాబ్‌ని ఇరికిస్తే అంచులకి రాసుకుంటుంది.

1. ముందు బ్లోయర్. మెట్టు 2 ఇంతకుముందే చేసినా మళ్లీ చెయ్యండి. గట్టి రేణువు ఏదైనా మిగిలి ఉంటే స్వాబ్ దాన్ని సెన్సార్ అంతా ఈడ్చుకెళ్తుంది.
2. స్వాబ్ కవర్ అప్పటికప్పుడు చించండి. కొసని వేలితో తాకొద్దు.
3. స్వాబ్ కొస మీద లిక్విడ్ రెండు చుక్కలు. గాజు మీద ఎప్పుడూ వెయ్యకూడదు. స్వాబ్ పీల్చుకోవడానికి కొన్ని సెకన్లు ఆగండి. తడిగా ఉండాలి కానీ కారకూడదు. చుక్క అంచు దాటి లోపలికి దిగితే తియ్యడం మీ చేతుల్లో ఉండదు.
4. ఒక చివర ఆనించి, స్వాబ్‌ని వెళ్లే వైపు కొంచెం వాల్చి, మధ్యలో ఆపకుండా రెండో చివరిదాకా ఒకే లాగు. పెన్నుతో కాగితం మీద రాసేటంత ఒత్తిడి చాలు.
5. స్వాబ్‌ని రెండో వైపుకి తిప్పి, వెనక్కి ఒక లాగు.
6. ఆ స్వాబ్ పారెయ్యండి. శుభ్రంగా కనిపిస్తోందని దాచుకోవద్దు, మళ్లీ వాడొద్దు.

కెమెరాలో ఇన్-బాడీ స్టెబిలైజేషన్ ఉంటే సెన్సార్ గట్టిగా బిగించి ఉండదు, తాకితే కొంచెం కదలొచ్చు. కంగారు పడకండి, అలాగని నొక్కిపెట్టి ఆపడానికి చూడకండి. ఒత్తిడి ఇంకా తగ్గించి లాగండి.

లిక్విడ్ గురించి ఒక మాట. సెన్సార్ లిక్విడ్స్‌లో కొన్ని మెథనాల్‌తో చేసినవి. అది విషం, మంట అంటుకునే గుణం కూడా ఉంటుంది. కిటికీ తీసి పెట్టుకోండి, దీపం, స్టవ్ దగ్గర వద్దు. సీసాని చిన్నపిల్లలకి అందకుండా పెట్టండి.

ఎక్కడ ఆపాలి?

స్వాబ్ తర్వాత టెస్ట్ ఫొటోలో అంచుల దగ్గర కొత్త చారలు కనిపిస్తే లిక్విడ్ ఎక్కువైందన్నమాట. కొత్త స్వాబ్, ఈసారి ఒక్క చుక్కే. మచ్చ స్థానం మారిందంటే కదిలింది, అంటే వస్తుంది. మళ్లీ బ్లోయర్ నుంచి మొదలుపెట్టండి.

రెండు స్వాబ్‌లు వాడినా మచ్చ ఉన్నచోటే, ఉన్నట్టే ఉంటే ఆపెయ్యండి. మూడోది తియ్యకండి. అది ఎండిన మరక కావచ్చు, కోటింగ్ దెబ్బ కావచ్చు, లోపలి పొరల మధ్య ఉన్నది కావచ్చు. ఇంకా గట్టిగా రుద్దితే పోతుందేమో అనిపించేది సరిగ్గా ఇక్కడే. గాజు పగిలినవాళ్లని, గీత పడినవాళ్లని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఈ దశ గురించే. సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేటప్పుడు ఎఫ్/22 టెస్ట్ ఫొటో కూడా ఇవ్వండి. మచ్చ ఎక్కడుందో వాళ్లకి వెంటనే తెలుస్తుంది. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే నిలబడి అదే టెస్ట్ చెయ్యండి.

వీటిని సెన్సార్ దగ్గరికి రానివ్వకండి

- నోటితో ఊదడం. ఎంత జాగ్రత్తగా ఊదినా ఉమ్మి తుంపర పడుతుంది. పొడి దుమ్ము సమస్య తడి మరక సమస్యగా మారుతుంది.
- డబ్బా గాలి. కంప్యూటర్ కీబోర్డులకి వాడే స్ప్రే డబ్బా వంగితే లోపలి ద్రవం చల్లగా బయటికి చిమ్ముతుంది.
- టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్. ఒత్తిడి ఎక్కువ, పైగా ఆ గాలిలో నూనె, తేమ ఉంటాయి.
- ఇయర్ బడ్స్, టిష్యూ, కళ్లజోడు గుడ్డ, లెన్స్ క్లీనింగ్ లిక్విడ్, శానిటైజర్. ఒకటి నూలు వదులుతుంది, ఇంకొకటి చార వదులుతుంది.
- వాక్యూమ్ క్లీనర్. కెమెరా బ్యాగ్‌కి వాడండి, కెమెరాకి వద్దు.

దుమ్ము తక్కువ పడాలంటే

లెన్స్ మార్చేముందు పవర్ ఆఫ్ చెయ్యండి. పెట్టబోయే లెన్స్ వెనక క్యాప్ వదులు చేసి చేతిలో సిద్ధంగా ఉంచుకోండి. బాడీ మౌంట్ కిందికి చూసేలా పట్టుకుని మార్చండి. బైక్ మీద వెళ్తూ రోడ్డు పక్కన ఆగి, బీచ్‌లో గాలికి ఎదురుగా, రంగులు చల్లుతున్న చోట లెన్స్ మార్చకండి. కారులో కూర్చోండి, లేదా ఏదైనా గోడ చాటుకి వెళ్లండి.

అందరూ మర్చిపోయేది వెనక క్యాప్. లెన్స్ రియర్ క్యాప్‌లో, బాడీ క్యాప్‌లో చేరిన పొడే తిరిగి లోపలికి వెళ్తుంది. వారానికోసారి బ్లోయర్‌తో వాటిని, లెన్స్ వెనక గాజుని ఊదండి. బ్యాగ్ అడుగు దులపండి.

తేమ తగ్గాలని కెమెరాని బియ్యం డబ్బాలో పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. బియ్యంలో ఉండే తెల్లని పొడి అంతా కెమెరాలోకి చేరుతుంది. గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ ప్యాకెట్లు చాలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీర ఊళ్లలో ఉండేవాళ్లు ఆ ప్యాకెట్లని మర్చిపోకుండా మారుస్తుండాలి. తేమకి వచ్చే బూజు లెన్స్‌ని కూడా వదలదు.

చివరిగా, టైమింగ్. రేపు పెళ్లి షూట్ ఉందనగా ఇవాళ రాత్రి మొదటిసారి స్వాబ్ చేతిలోకి తీసుకోకండి. బ్లోయర్‌తో ఆపి, ఎఫ్/5.6 లోపు తీసి, మిగిలిన చుక్కల్ని ఎడిటింగ్‌లో తీసేయండి. తడి క్లీనింగ్‌ని తర్వాత వారం రోజులు పని లేని ఒక పగటిపూట పెట్టుకోండి. తేడా వస్తే సర్వీస్ సెంటర్‌కి వెళ్లే వ్యవధి అయినా ఉంటుంది.